మూడు పరుగులు, నాలుగు ఊలు ఉండలు

మొదటి శనివారం

మా సినిమా క్లబ్బు అంటే పెద్దదేం కాదు. రాజమండ్రిలో మా మేడ మీద గదిలో నెలకోసారి ఎనిమిది, తొమ్మిది మందిమి చేరి ఒక సినిమా చూస్తాం, టీ తాగుతాం, కాసేపు వాదించుకుంటాం. వచ్చే నెల వంతు నాది. 'రన్ లోలా రన్' వేద్దామన్నాను. టామ్ టిక్వర్ 1998లో తీసిన జర్మన్ సినిమా. గంటా ఇరవై నిమిషాలే అనగానే అందరూ ఒప్పేసుకున్నారు.

వేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ కిందటి నెల మా హెడ్మాస్టారు (రిటైరై పదేళ్లయినా మాకాయన హెడ్మాస్టారే) టీ గ్లాసు కింద పెడుతూ, "ఏ సినిమా చూసినా చివరికి తేలేది ఒకటేనమ్మా, రాసిపెట్టి ఉన్నదే జరుగుతుంది" అన్నారు. నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాను. ఏటా సంభావ్యత పాఠం చెప్పేదాన్ని, ఆ మాట నాకు మింగుడుపడలేదు. అందుకే ఈ పని పెట్టుకున్నాను. లోలా పరుగులు మూడింటినీ ముక్కలుగా విడగొట్టి, హాల్లో గోడ మీద మూడు వరసల్లో అతికించి, ఏది ఆమె నిర్ణయమో, ఏది కాకతాళీయమో, ఏది ప్రేమో రంగుల్లో చూపించాలి.

సరంజామా: అటక మీది పాత శుభలేఖలు ఒక సంచెడు (వెనక వైపు తెల్లగా ఉంటాయి, అట్ట గట్టిది), మూడు రంగుల స్కెచ్ పెన్నులు, మెయిన్ రోడ్డు ఫ్యాన్సీ షాపులో కొన్న నాలుగు ఊలు ఉండలు, ఒక టేపు. కొన్ని కార్డుల మూలల్లో పసుపు మరక ఇంకా ఉంది. పసుపు రంగు నిర్ణయానికి వాడదామనుకున్నదాన్ని, గందరగోళం అవుతుందని ఆకుపచ్చకు మారాను. నీలం కాకతాళీయానికి, ఎరుపు ప్రేమకు.

కథ తెలియనివాళ్ల కోసం. బెర్లిన్‌లో మానీ అనే కుర్రాడు ఒక దొంగ వ్యాపారి దగ్గర పనిచేస్తుంటాడు. ఆ వ్యాపారికి ఇవ్వాల్సిన లక్ష మార్కుల (అప్పటి జర్మనీ డబ్బు) సంచీని మెట్రో రైల్లో మర్చిపోతాడు. అక్కడే ఉన్న ఒక దిక్కులేని మనిషి దాన్ని పట్టుకుపోతాడు. పొద్దున పదకొండూ నలభైకి మానీ తన ప్రియురాలు లోలాకు ఫోన్ చేస్తాడు. పన్నెండు లోపు డబ్బు దొరక్కపోతే తన పని అయిపోయినట్టేనంటాడు, ఎదురుగా ఉన్న సూపర్ మార్కెట్‌ను దోచేస్తానంటాడు. ఫోన్ పెట్టేసి లోలా పరుగెత్తుతుంది. మొదటిసారి ఆమె చచ్చిపోతుంది. రెండోసారి అతను చచ్చిపోతాడు. మూడోసారి ఇద్దరూ బతుకుతారు. ప్రతిసారీ పరుగు ఆ ఫోన్ దగ్గరే మొదలవుతుంది.

ఆదివారం

ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ సినిమా మొత్తం చూడటానికి ఐదున్నర గంటలు పట్టింది. 94 కార్డులు తయారయ్యాయి. మధ్యలో వంట చేసింది మా ఆయన, ఆ మాట రాయకపోతే బాగుండదు.

తేడా మొదలయ్యేది మెట్ల మీద. లోలా ఇంట్లోంచి బయటపడే దృశ్యాన్ని బొమ్మల సినిమాగా తీశారు. మెట్ల మీద ఒక కుర్రాడు, వాడి కుక్క. మొదటిసారి ఆమె కుక్కకు జడిసి పక్కనుంచి దూసుకుపోతుంది. రెండోసారి వాడు కాలు అడ్డం పెడతాడు, ఆమె దొర్లుకుంటూ కింద పడుతుంది, కుంటుతూ లేస్తుంది. మూడోసారి కుక్క మీంచి దూకేసి, తిరిగి దాని మీదే గుర్రుమంటుంది. తేడా కొద్ది సెకన్లే. మిగతాదంతా ఆ సెకన్ల మీదే నడుస్తుంది.

మొదటి చిక్కు అక్కడే వచ్చింది. కాలు అడ్డం పెట్టడం నీలమా, ఆకుపచ్చా? లోలా వైపు నుంచి చూస్తే కాకతాళీయం, ఆ కుర్రాడి వైపు నుంచి చూస్తే వాడి నిర్ణయం. నీలంతో రాసి, చుట్టూ సన్నగా ఆకుపచ్చ గీత గీశాను. ఇలా రెండు రంగులు వాడాల్సిన కార్డులు సాయంత్రానికి 31 తేలాయి. మూడు రంగుల పథకం మొదటి రోజే వంకరపోయింది.

పదేపదే ఆపి చూడటం వల్ల ఇంకొకటి కంటపడింది. లోలా, మానీ ఉన్న దృశ్యాలు ఫిల్ము మీద తీశారు. వాళ్లిద్దరూ లేని చోట, ఉదాహరణకు బ్యాంకు డైరెక్టరైన లోలా తండ్రి తన ప్రియురాలితో గదిలో మాట్లాడుకునే చోట, వీడియో వాడారు. బొమ్మ పాలిపోయినట్టు, అలుక్కుపోయినట్టు ఉంటుంది. లోలా తలుపు తోసుకుని లోపలికి రాగానే బొమ్మకు ప్రాణం వస్తుంది. హాల్లో కూర్చుని మొత్తం ఒకేసారి చూసినప్పుడు ఇది నాకు తెలియనే లేదు.

బుధవారం

పొద్దున లేచేసరికి రెండో వరస కార్డులన్నీ నేల మీద ఉన్నాయి. టేపుతో పాటు గోడ రంగు అరచేతి వెడల్పున ఊడి వచ్చింది. మా అత్తగారు ఏమీ అనలేదు, చూశారంతే. సగం రోజు దానికే పోయింది. గోడకు నులక మంచం నిలబెట్టి, కార్డుల్ని బట్టల క్లిప్పులతో నులకకు తగిలించాను. ఇదే బాగుంది. ఊలు కట్టడానికి కూడా నులకే నయం.

ఇవాళ కట్టింది నీలం ఊలు, అంటే కార్యకారణాల దారం. అన్నిటికన్నా పొడుగ్గా వచ్చింది మేయర్ (పదవి కాదు, పేరు) అనే ఆయనది. ఈయన లోలా తండ్రికి తెలిసినవాడు, ఆయన్ని తీసుకెళ్లడానికి కారులో బయల్దేరతాడు. మొదటి రెండు పరుగుల్లోనూ గ్యారేజీ సందులోంచి బయటికొస్తూ, పరుగెత్తుతున్న లోలాను చూడటంలో పడి ఎదురుగా వచ్చే తెల్లకారును గుద్దేస్తాడు. ఆ తెల్లకారు ఎవరిదనుకున్నారు? మానీ డబ్బు కట్టాల్సిన రౌడీది. మూడో పరుగులో లోలా నేరుగా వచ్చి మేయర్ కారు మీద పడుతుంది. ఆ కాస్త ఆలస్యంలో తెల్లకారు దాటిపోతుంది, గుద్దుకోవడం తప్పుతుంది. మేయర్ వేళకు బ్యాంకుకు చేరతాడు. తండ్రి కారెక్కి వెళ్లిపోతాడు. లోలా బ్యాంకుకు వచ్చేసరికి తండ్రి ఉండడు. ఒక ప్రమాదం తప్పినందువల్లే ఆమెకు తండ్రి దొరక్కుండా పోయాడు! ఈ ఒక్క గొలుసుకు తొమ్మిది క్లిప్పులు పట్టాయి. ఊలు మంచం ఈ కోడు నుంచి ఆ కోడు దాకా వెళ్లింది.

దారిలో తగిలే వాళ్ల సంగతి కూడా ఉంది. పిల్లను తోపుడుబండిలో తోసుకెళ్లే ఒకావిడకు లోలా తగిలినప్పుడల్లా తెర మీద 'ఆ తర్వాత' అన్న మాట పడి, ఆవిడ మిగతా జీవితం ఫొటోల్లో టకటకా పరుగెడుతుంది. ఒకసారి బిడ్డను పోగొట్టుకుంటుంది, ఒకసారి లాటరీ కొడుతుంది, ఒకసారి మతంలో పడుతుంది. ఇది తెలివైన ఆట, ఒప్పుకుంటాను. మనసుకు మాత్రం అంత పట్టలేదు. ఒక్క తాకుడికే జీవితమంతా మారిపోతే ఇక మనిషి చేసేదేముంటుంది? ఇలాంటి కార్డులన్నీ ఒక మూలకు నెట్టేశాను.

రెండో శనివారం, ఆదివారం

అక్క కొడుకు వచ్చాడు, తొమ్మిదో తరగతి. వాడికి చింతపిక్కల పని అప్పజెప్పాను.

మూడో పరుగులో తండ్రి దొరకని లోలా జూదశాలలోకి వెళుతుంది. చేతిలో ఉన్నది వంద మార్కులకు కొద్దిగా తక్కువ. ఎలాగో వంద మార్కుల బిళ్ల సంపాదించి రూలెట్‌లో (తిరిగే చక్రంలో ఏ అంకె పడుతుందోనని పందెం కాసే ఆట) 20 మీద పెడుతుంది. 20 పడుతుంది. వచ్చిందంతా మళ్లీ 20 మీదే పెట్టి, అద్దాలు పగిలేలా అరుస్తుంది. మళ్లీ 20.

పందెం లెక్క ఇది. ఒకే అంకె మీద గెలిస్తే పెట్టినదానికి 35 రెట్లు ఇస్తారు, పెట్టింది కూడా మనదే. వందకు 3,600. ఆ 3,600కు 1,29,600. ఇలా జరగడం ఎంత అరుదో పిల్లవాడు చేత్తో తెలుసుకోవాలని, కడిగి ఆరబెట్టిన చింతపిక్కల మీద నెయిల్ పాలిష్‌తో అంకెలు వేసి కుండలో పోశాం. ఒకటి తియ్యాలి, అంకె రాయాలి, తిరిగి కుండలో వేసి కలపాలి, ఇంకోటి తియ్యాలి. రెండు రోజుల్లో 300 జతలు తీశాడు. మొదటి పిక్క 20 వచ్చింది 9 సార్లు. ఆ తొమ్మిదిలో ఒక్కసారి కూడా రెండోది 20 రాలేదు. ఒకసారి 2 వచ్చింది, వాడు దాని పక్కన సున్నా గీకబోయాడు, పట్టుకున్నాను.

ఆ సున్నా దగ్గరే వాడు నన్ను పట్టుకున్నాడు. "పిన్నీ, నువ్వు చెప్పిన రూలెట్‌లో సున్నా ఉందన్నావు కదా. కుండలో లేదే?"

లేదు. ఒకటి నుంచి 36 దాకా వేసి ఊరుకున్నాను! ఇరవై ఏళ్లుగా లెక్కలు చెప్తున్న మనిషిని. ఐరోపా చక్రంలో 37 గడులుంటాయి, ముప్ఫై ఏడోది సున్నా. వాడి రెండు రోజుల కష్టం బూడిదలో పోసినట్టయింది, వంద రూపాయలిచ్చి సముదాయించాను. కానీ ఆ తప్పు వల్ల ఒక సంగతి తేలింది. 36 పిక్కలతో ఆడితే రెండుసార్లు వరసగా 20 రావడానికి అవకాశం 1,296లో ఒకటి. గెలిస్తే వచ్చేదీ సరిగ్గా 1,296 రెట్లే. అంటే ఎవరికీ లాభం లేదు, నష్టం లేదు. సున్నా వేసి 37 చేస్తే 1,369లో ఒకటి అవుతుంది, ఇచ్చేది మాత్రం అదే 1,296 రెట్లు. లోలా పెట్టిన వంద మార్కుల సగటు విలువ 94 మార్కుల 67 ఫెనిగ్‌లు (ఫెనిగ్ అంటే మార్కులో వందో వంతు). మిగతాది జూదశాల వాళ్లది. అదృష్టం అనే దుకాణం ఆ ఒక్క గడి అద్దె మీదే నడుస్తోంది.

సోమవారం

పెద్దమ్మ కూతురు బెర్లిన్‌లో ఉంటుంది. సినిమాలో లోలా పరుగెత్తే ఎర్ర ఇటుకల ఓబర్‌బౌమ్ వంతెన ఫొటోలు పంపమన్నాను, పంపింది. పైన పసుపు రంగు మెట్రో రైలు, కింద రోడ్డు. మా గోదావరి మీద 1974 నాటి వంతెనకు రోడ్డు పైన, రైలు కింద. తిరగేసి పెట్టారన్నమాట.

"అక్కా, ఈ వంతెన మీద నుంచి సూపర్ మార్కెట్ తీసిన చార్లొటెన్‌బుర్గ్ దాకా 20 నిమిషాల్లోనా? ఒలింపిక్స్‌లో పతకాలు కొట్టినవాళ్ల వల్ల కూడా కాదు. ఎనిమిది కిలోమీటర్ల పైమాటే" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఊరు ఒక మూల నుంచి ఇంకో మూలకు ఎడిటింగ్ బల్ల మీద అతుక్కుందన్నమాట. ఎడిటర్ మాటిల్డ్ బొన్నఫ్వా. పటం గీయాలన్న ఆలోచన అంతటితో మానుకున్నాను.

గురువారం

ఎరుపు కార్డులు. 94లో ఎన్ననుకున్నారు? ఐదు. అందులో రెండు మాత్రమే నిజంగా లెక్కలోకి వస్తాయి. రెండూ పరుగుకూ పరుగుకూ మధ్య వచ్చే పడక దృశ్యాలు. తెరంతా ఎర్రటి వెలుగు, పక్కపక్కన రెండు తలలు, మాటలు తప్ప ఇంకేం లేదు.

మొదటిదాంట్లో లోలా అడుగుతుంది, నన్ను ప్రేమిస్తున్నావా అని. అవునంటాడు. అంత ఖాయంగా ఎలా చెప్తావు, నా చోట ఇంకో అమ్మాయి ఉండొచ్చుగా అంటుంది. నువ్వే గొప్పదానివంటాడు. లోకంలోని ఆడవాళ్లందరిలోనా, నీకెలా తెలుసు, నన్ను కలవకపోయి ఉంటే ఇదే మాట ఇంకొకతెతో చెప్పేవాడివిగా అంటుంది. పాపం, మానీ దగ్గర జవాబుండదు. రెండోదాంట్లో అడిగేది అతను. నేను చచ్చిపోతే ఏం చేస్తావు, కొన్నాళ్లు ఏడుస్తావు, ఓదార్చడానికి ఎవడో అందగాడు వస్తాడు, నన్ను మర్చిపోతావు అంటాడు. నువ్వింకా చావలేదు కదా అంటుంది లోలా.

ఆమెకు అనుమానం మొదలు మీద, అతనికి చివర మీద. ఇద్దరి భయమూ ఒకటే, తన చోట ఇంకొకరు సరిపోతారేమోనని. ఇవి ఎరుపు కార్డులేనా, నీలం కార్డులు కావూ అని చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. రూలెట్ బల్ల దగ్గర లేని సందేహం పక్క మీద వచ్చింది.

రాత్రి మా ఆయన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే అడిగాను. "ఏమండీ, నన్నే ఎందుకు చేసుకున్నారు?"

"మొదట చూడాల్సిన వాళ్లింటికి తాళం వేసి ఉంది. ఎవరో పోయారని ఊరెళ్లారట. మా నాన్న అన్నాడు, ఎలాగూ బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చాం, మధ్యాహ్నం చూడాల్సిన వాళ్లని ఇప్పుడే చూసేద్దామని."

ఈ సంగతి పద్దెనిమిదేళ్లలో నాకెవరూ చెప్పలేదు. "తాళం లేకపోతే?"

"లేకపోతే ఆవిడే ఇప్పుడు నన్ను ఇలా అడిగేదేమో" అని ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నాడు. మానీ కన్నా నయం, అబద్ధం చెప్పలేదు. కాసేపు ఆగి, "పొద్దున పది గంటలప్పుడు మీ ఇంట్లో ఇంకా జడ కూడా వేసుకోకుండా తిరుగుతున్నావు. మధ్యాహ్నం వచ్చి ఉంటే పట్టుచీరలో ఉండేదానివి, వద్దనేవాడినేమో" అన్నాడు. దీన్ని ఏ రంగులో రాయాలో తెలియక ఊరుకున్నాను.

శుక్రవారం

మూడో వరస మళ్లీ సర్దాను. ఇన్ని రోజులూ అందులో ఒకటి గమనించలేదు. లోలా 1,29,600 గెలుచుకొచ్చేసరికి మానీకి ఆ డబ్బుతో పని లేదు! పోయిన సంచీ అతనికి అప్పటికే దొరికింది, తీసుకెళ్లి ఇచ్చేశాడు కూడా. 1,369లో ఒకసారి జరిగే వింత జరిగింది గానీ, మానీ ప్రాణం కాపాడింది అది కాదు.

మరి ఏది? ఫోన్ బూత్ దగ్గర ఒక గుడ్డి ఆవిడ ఉంటుంది. మానీకి ఫోన్ కార్డు ఇచ్చింది ఆవిడే. మూడో పరుగులో అతను కార్డు తిరిగి ఇచ్చేసి సూపర్ మార్కెట్ వైపు కదలబోతే, ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఆగిన ఆ క్షణంలో సంచీ తీసుకున్న మనిషి సైకిల్ మీద వెళ్తూ మానీ కంటపడతాడు. (ఆవిడగా వేసింది మోనికా బ్లైబ్‌ట్రాయ్, మానీగా వేసిన మోరిట్జ్ బ్లైబ్‌ట్రాయ్‌కి సొంత తల్లి.) ఇటు లోలా గెలిచిన డబ్బుతో అంబులెన్స్ ఎక్కుతుంది. లోపల బ్యాంకు కాపలాదారు గుండెపోటుతో పడి ఉంటాడు. ఆమె చెయ్యి పట్టుకుంటుంది, గుండె కుదుటపడుతుంది. అతని వేషం వేసింది ఆర్మిన్ రోడే.

రెండు కార్డులూ తీసి పక్కపక్కన పెట్టాను. మొదటి పరుగులో లోలా తండ్రి చెయ్యి పట్టుకుని డబ్బు అడిగింది, ఆయన గెంటేశాడు. రెండో పరుగులో తుపాకీ పట్టుకుంది. ఆ తుపాకీకి లాకు ఎలా తీయాలో మొదటి పరుగులో మానీ నేర్పినట్టు గుర్తుంచుకుంది, గుర్తుండకూడని చోట. మూడోసారి పట్టుకున్నది ఊరికే పట్టుకోవడం, ఏమీ అడగకుండా. కార్డు తిప్పి చూస్తే వెనక ఎవరిదో పెళ్లి ముహూర్తం. మన భాషలో చెయ్యి పట్టుకోవడం అంటే ఏమిటో గుర్తొచ్చి నవ్వొచ్చింది.

జూదశాలకు ముందు కూడా ఒక కార్డు ఉంది. తండ్రి దొరకలేదు, డబ్బు లేదు. లోలా కళ్లు మూసుకుని పరుగెత్తుతూ, ఎవరితోనో, సాయం చెయ్యి, ఈ ఒక్కసారికి, నేను పరుగెత్తుతూనే ఉంటాను, ఎదురుచూస్తాను అంటుంది. లారీ గుద్దబోయి ఆగుతుంది. కళ్లు తెరిస్తే ఎదురుగా జూదశాల. ఎదురుచూస్తూ పరుగెత్తడం అన్నది నిర్ణయమా, కాదా? ఆకుపచ్చే రాశాను. నా దగ్గరున్న ఆకుపచ్చల్లో ఇదొక్కటే ముదురు రంగు.

ఏ వరసలోనూ పట్టని కార్డు ఒకటి మిగిలింది. మొదటి పరుగు చివర గుండెలో గుండు దిగి రోడ్డు మీద పడున్న లోలా, నాకు వెళ్లాలని లేదు అనుకుంటుంది. ఆగు, అంటుంది. అక్కడితో కథ వెనక్కి తిరుగుతుంది. మిగతా 93 కార్డులూ ఆట లోపల జరిగేవి. ఇది ఆటనే తిరగేసేది. మంచం పైన, నులక చివరి వరసలో ఒంటరిగా తగిలించాను.

ప్రదర్శన రోజు

పదకొండు మంది వచ్చారు, కుర్చీలు చాలలేదు. నులక మంచం మేడ మీదికి మోయడంలో నీలం ఊలు రెండు చోట్ల తెగింది, ఎవరూ గుర్తుపట్టలేదు.

సినిమా అయ్యాక హెడ్మాస్టారు మంచం దగ్గర పావుగంట నిలబడ్డారు. "కాకతాళీయం అని రాశావు గానీ, ఆ మాట ఎలా పుట్టిందో తెలుసా? తాటిచెట్టు మీద కాకి వాలింది, అదే క్షణంలో తాటిపండు పడింది. కాకి వల్లే పడిందనుకున్నాడు చూసినవాడు. ఈ పిల్ల మాత్రం పండు పడేదాకా మళ్లీ మళ్లీ వాలుతోంది" అన్నారు. తర్వాత మళ్లీ, "అయినా రాసిపెట్టి ఉండాలి" అన్నారు. ఓడిపోయింది ఆయనా నేనా అన్నది తేలలేదు. మా ఆయన వెనక నుంచి, "ఆ తాళం సంగతి కార్డు ఏదీ?" అన్నాడు. లేదన్నాను.

మర్నాడు

ఊలు విప్పి చుట్టేశాను. మంచం ఎండలో వేశాను. కార్డులు పారేయలేదు, కట్టగట్టి అటకెక్కించాను.

తర్వాతి పని కూడా ఖాయం చేసుకున్నాను. పోలండ్ దర్శకుడు క్షిష్టోఫ్ కీష్లోవ్‌స్కీ 1981లో 'బ్లైండ్ చాన్స్' తీశాడు. ఆ ఏడాది డిసెంబరులో అక్కడ సైనిక పాలన వచ్చి, సినిమా 1987 దాకా విడుదలకు నోచుకోలేదు. అందులోనూ మూడు దారులే. వీటెక్ అనే కుర్రాడు వూచ్ నగరంలో రైలు కోసం పరుగెత్తుతాడు. అందుకుంటే ఒక జీవితం, అందుకోబోయి రైల్వే కాపలావాడితో కొట్లాడితే ఇంకొకటి, అందకపోతే వేరొకటి. కీష్లోవ్‌స్కీ పోయాక ఆయన వదిలిన స్క్రిప్టుతో టిక్వరే 2002లో 'హెవెన్' తీశాడు. ఆ సంబంధం ఊరికే వచ్చింది కాదు.

ఫ్యాన్సీ షాపులో నీలం ఊలు లేదన్నాడు. ఉన్నది వంకాయ రంగు ఒక్కటే, అదే తెచ్చాను. శుభలేఖ ఒకటి తిరగేసి మొదటి కార్డు రాశాను: 'వూచ్ స్టేషన్. వీటెక్ పరుగెత్తుతున్నాడు.' రంగు ఇంకా వెయ్యలేదు.